పోసక్క పట్టుకెళ్లిన నొప్పి గోలీలు

2003 జూన్‌లో నన్ను ఏరియా ఆస్పత్రి మందుల స్టోర్స్ నుంచి గోదావరిఖని దగ్గరి ఒక డిస్పెన్సరీకి సీనియర్ ఫార్మసిస్టుగా బదిలీ చేశారు. ఏ డిస్పెన్సరీ అన్నది రాయను. నాతో పనిచేసినవాళ్లు కొందరు ఇంకా సర్వీసులో ఉన్నారు, ఇక్కడ రాసే తప్పు వాళ్లది కాదు. బదిలీకి కారణం నా నోరే. స్టోర్స్‌లో పై అధికారితో పెట్టుకున్న వాదన కాగితం మీదికెక్కింది. న్యాయం నాదేనని చివరికి ఆయనే ఒప్పుకున్నాడు. ఒప్పుకున్న వారానికి బదిలీ ఉత్తర్వు చేతికిచ్చాడు.

మాది మంథని. ఇంట్లో అందరూ పంతుళ్లు. నేను వరంగల్‌లో బీఫార్మసీ చదివి బొగ్గు కంపెనీలో చేరాను, రాష్ట్రం వచ్చిన ఏడాది ముందస్తు విరమణ తీసుకున్నాను. ఇప్పుడు కూతుళ్ల దగ్గరికో అల్లుళ్ల దగ్గరికో విజిట్ వీసా మీద పోయే పరిచయస్తులు ఫోన్ చేసి, మందులు ఎట్లా పట్టుకుపోవాలని అడుగుతుంటారు. ఒక్కొక్కరికీ ఒక్కో ముక్క చెప్పే బదులు జరిగింది జరిగినట్టు ఒకసారి రాయడం మేలనిపించింది.

ముందు మా డిస్పెన్సరీ పద్ధతి తెలియాలి. బొగ్గుబావి కార్మికునికి, అతని భార్యాపిల్లలకు కంపెనీ వైద్యం ఉచితం. ప్రతి కార్మికునికీ ఒక ఆస్పత్రి పుస్తకం ఉంటుంది. మొదటి పేజీలో అతని ఫొటో, బావి పేరు, హోదా. తరువాత అతని పేరు మీద కొన్ని పేజీలు, భార్య పేరు మీద కొన్ని, పిల్లల పేరు మీద కొన్ని. డాక్టరు చూసినవారి పేజీలో జబ్బూ మందూ రాస్తాడు. నేను కిటికీలోంచి మందు ఇచ్చి, ఆ రాతకింద ముద్ర వేసి, నా రిజిస్టర్‌లో ఎక్కిస్తాను. కాగితం మీద ఇంతవరకు బాగానే ఉంటుంది.

నడిచే పద్ధతి వేరు. ఆడవాళ్లను చూసే రోజులు వారానికి రెండే. ఆ రెండు రోజులూ లైను ఆవరణ దాటి రోడ్డు మీదికి పోయేది. మొదటి షిఫ్టు దిగి వచ్చే మొగవాళ్లకు మాత్రం రోజూ చూపించుకునే వీలుంది, పెద్దగా ఆగే పని లేదు. అందుకని భార్యకు నొప్పి ఉంటే భర్త వచ్చి తనకే నొప్పి ఉన్నదని చెప్పేవాడు. డాక్టరు అతని పేజీలో రాసేవాడు, నేను ఇచ్చేదాన్ని, ఇంటికి పోయాక ఆమె మింగేది. మాకు తెలియదా అంటే, తెలుసు. డాక్టరుకు తెలుసు, నర్సుకు తెలుసు, నాకు అందరికంటే బాగా తెలుసు. ఎవరి ప్రాణం మీదికీ రాలేదు కాబట్టి ఎవరమూ మాట్లాడలేదు.

ఇంకొక సంగతి. మా దగ్గరికి చాలా మందులు వెయ్యేసి గోలీల డబ్బాల్లో వచ్చేవి. లెక్కపెట్టి కాగితం పొట్లం కట్టి ఇచ్చేవాళ్లం. చదువు రానివాళ్లు ఎక్కువ కాబట్టి పొట్లం మీద పొద్దటి గోలీకి ఒక సున్నా, రాత్రి గోలీకి ఒక నెలవంక గీసేవాళ్లం. మందు పేరు రాసే అలవాటు లేదు. రోగి పేరు అసలే లేదు.

ఓదెలు కోల్ ఫిల్లర్. అంటే బావి లోపల తట్టా, పారలాంటి చెమ్మస్‌తో బొగ్గు ఎత్తి టబ్బుల్లో నింపేవాడు. బొగ్గుగనిలో నడుము విరిగే పని ఏదంటే అదే. కాని చిత్రమేమిటంటే అతని నడుము గట్టిది. నొప్పి అతని భార్య పోసక్కది. పెళ్లికి ముందు నుంచీ పొలం పని, ఆ తరువాత కాలనీలో నాలుగిళ్లకు నీళ్లు మోసిన పని, అంతా ఆమె వెన్నులో కూర్చుంది. రెండేళ్లుగా ఓదెలు పేజీలో నడుము నొప్పి అని రాసి ఉంది. పదిహేను రోజులకొకసారి అతను బొగ్గు ముఖంతో కిటికీ ముందు నిలబడేవాడు.

“నడుమెట్లున్నది ఓదెలూ?” అని ఒకసారి వెటకారంగా అడిగాను.

“నాకేం మేడమ్, మంచిగున్న. నొప్పి ఆమెది, లైను నాది” అన్నాడు, ఏమాత్రం జంకకుండా.

నేను నవ్వి పొట్లం ఇచ్చాను.

ఆ పొట్లంలో ఉన్నది ట్రమడాల్ అనే నొప్పి మందు. నల్లమందు చేసే పనిలాంటి పనే చేస్తుంది. మన దగ్గర ఆ రోజుల్లో డాక్టరు చీటీ చూపిస్తే ఏ మందుల షాపులోనైనా ఇచ్చేవాళ్లు. కొన్ని దేశాల్లో దాన్ని మత్తుమందుల జాబితాలో చేర్చారు. ఆ సంగతి నాకు తెలియదు. ఫార్మసిస్టువై ఉండి తెలియకపోవడమేమిటని అడిగితే, మేం చదివిన చట్టం మన దేశానిది అని చెప్పగలను. అది కారణమే కాని జవాబు కాదు.

తెలియని విషయం మీద నోరు మూసుకున్నా సరిపోయేది. నేను మూసుకోలేదు. మా ప్రాంతం నుంచి గల్ఫ్‌కు పోయేవాళ్లు ఎక్కువ. మస్కట్ పోయినా కువైట్ పోయినా మావాళ్లు దుబాయి పోయిండనే అంటారు. పోయేముందు మందుల కోసం నా కిటికీ దగ్గరికి వచ్చేవాళ్లు, తిరిగొచ్చాక కబుర్లు చెప్పేవాళ్లు. ఆ కబుర్లన్నీ పోగేసి నేనొక కాగితం తయారుచేసి కిటికీ పక్కన అంటించాను. పాస్‌పోర్టు జిరాక్స్ వేరే సంచిలో పెట్టుకోవాలి. ఫోన్ నంబర్లు సెల్‌లోనే కాక కాగితం మీద కూడా రాసుకోవాలి. పక్కింటివాళ్ల పొట్లాలు ఎంత బతిమాలినా తీసుకోవద్దు. అధికారి అడిగినదానికి అడిగినంతే, నిజమే చెప్పాలి. పచ్చడి సీసాలు చేతిసంచిలో పెట్టొద్దు. ఇట్లా పదకొండు మాటలు. పదకొండోది మందుల గురించి: అక్కడ డాక్టరు దగ్గరికి పోవడం కష్టం, ఉన్నన్నాళ్లకూ సరిపడా మందు ఇక్కడినుంచే తీసుకుపోండి.

రాసిన మనిషి అప్పటికి విమానం ఎక్కలేదు. అయినా జనం ఆ కాగితాన్ని చేత్తో రాసుకుని పోయేవాళ్లు. నాకు గర్వంగానే ఉండేది.

2007 ఏప్రిల్‌లో పోసక్క స్వయంగా కిటికీ దగ్గరికి వచ్చింది. వెనక ఓదెలు. రామగుండంలో ఏప్రిల్ అంటే తెలిసినవాళ్లకు తెలుసు. పది కాకముందే రేకులు కాలుతున్నాయి, ఆమె కొంగు నెత్తిన వేసుకుని నిలబడింది. కూతురు సరితకు ఎనిమిదో నెల. అల్లుడు రమేష్ గల్ఫ్‌లో ఏసీ మెకానిక్, కుటుంబాన్ని పెట్టుకునే వీసా ఉంది. పురుడు పోయడానికి తల్లి పోతున్నది, మూడు నెలల విజిట్ వీసా.

“ఆడ చాయ్ పత్త దొరుకుతదా మేడమ్?” అని అడిగింది.

“నువ్వు పోయేది అడవికి కాదు పోసక్కా.”

“ఏమో, ఎడారంటరు గద. చెట్టే లేనికాడ చాయ్ పత్త ఎట్లుంటది?”

లైనులో ఉన్నవాళ్లు నవ్వారు. ఓదెలు, “గీమెను ఆడికి తోలుతె, ఆడున్నోళ్లే ఫికర్ చెయ్యాలె” అన్నాడు. ఆమె వెనక్కి తిరగకుండానే, “నువ్వు బియ్యం గంజి వంపుడు నేర్సుకో ముందు” అంది.

కాగితంలోని పదకొండు మాటలూ నేనే చదివి వినిపించాను. పదకొండోది చదివి, మూడు నెలలకు సరిపడా గోలీలు తీసుకుపొమ్మన్నాను. ఒకేసారి పదిహేను రోజులకు మించి ఇవ్వకూడదన్నది నియమం. మెడికల్ ఆఫీసరు దగ్గరికి నేనే లేచి వెళ్లి, విదేశం పోతున్నది సార్ అని చెప్పి, ఓదెలు పేజీలో మూడు నెలలకు రాయించాను. రోజుకు రెండు చొప్పున నూట ఎనభై క్యాప్సూళ్లు. ఆరు పొట్లాలు కట్టి, ఒక్కోదాని మీద సున్నా, నెలవంక గీసి ఇచ్చాను.

పోసక్క నేను చెప్పినవన్నీ అక్షరాలా చేసింది. కాలనీలో నలుగురి పొట్లాలు వద్దన్నదని ఆడవాళ్లు ఆమెను గర్రదని, పొగరుదని తిట్టుకున్నారట. వద్దన్నా వినకుండా ఒకామె మసాలా పొడి తెస్తే, దాంట్లో గసగసాలున్నాయని అది కూడా వాపసు చేసిందట. గసగసాల సంగతి ఒక తిరిగొచ్చిన మేస్త్రీ చెబితే నేను కాగితంలో రాసి ఉంచాను, ఆ దేశాల్లో అవి నిషేధమని. గసగసాలు తెలిసిన నాకు గోలీలు తెలియలేదు.

ఆమె రైలెక్కిన మూడో రోజు పొద్దున్నే ఓదెలు వచ్చాడు. డ్యూటీకి పోలేదని బట్టలు చూస్తే తెలిసింది.

“మేడమ్, అది బయటికే రాలేదట” అన్నాడు.

రమేష్ ఎయిర్‌పోర్టు బయట పొద్దటి నుంచి మధ్యాహ్నం దాకా నిలబడ్డాడు. తరువాత ఎవరో పోలీసు వచ్చి, మీ అత్తగారి సంచిలో మత్తుమందు దొరికిందని చెప్పాడు. పేరు లేని, చీటీ లేని, కాగితంలో కట్టిన నూట ఎనభై గోలీలు. పైన సున్నా, నెలవంక. అధికారులు ఆ గుర్తులేమిటని చాలాసేపు అడిగారట. అమ్మకానికి తెచ్చిందని అనుమానించారు. మర్నాడే ఆమెను జైలుకు పంపారు.

ఆ సాయంత్రమే కిటికీ పక్కన అంటించిన కాగితం పీకేశాను.

రమేష్ అక్కడ ఒక వకీలును పెట్టుకున్నాడు. వకీలు ఇక్కడినుంచి ఒక వైద్య ధ్రువపత్రం కావాలన్నాడు: ఈ మందు ఎవరు రాశారు, ఎందుకు రాశారు, ఎంతకాలంగా వాడుతున్నారు. డాక్టరు సంతకం, ముద్ర, దాని మీద ప్రభుత్వపు ముద్రలు. ఈ వివరాలు ఓదెలు చెబుతుంటే నేను రాసుకున్నాను. రాసుకుంటూ నేను అడగవలసిన రెండు ప్రశ్నలు ఉన్నాయి. పట్టుబడ్డప్పుడు పోసక్క వాళ్లకు ఏం చెప్పింది? నువ్వు ఇప్పటికే ఏమైనా పంపావా? రెండూ అడగలేదు. ఏం చేయాలో నాకు అప్పటికే తెలిసిపోయిందనుకున్నాను.

మా మెడికల్ ఆఫీసరు నెమ్మదైన మనిషి. రిటైర్మెంటుకు రెండు నెలలుంది. పుస్తకం తెరిచి చూసి, “ఉన్నది ఉన్నట్టు రాద్దామమ్మా. భర్త పేరు మీద రాసినం, భార్య వాడింది, మాకు తెలుసు అని” అన్నాడు.

నేను ఒప్పుకోలేదు. అట్లా రాస్తే పరాయి మనిషి మందు సంచిలో దాచి తెచ్చినట్టవుతుందన్నాను. ఆమె నొప్పి నిజం, వాడకం నిజం, తప్పుగా ఉన్నది పేజీ ఒక్కటే, ఆ పేజీ సరిచేద్దామన్నాను.

“పేజీ మారితే కాగితమే మారుతదమ్మా” అన్నాడాయన.

“మీకు రిటైర్మెంటు భయం సార్. అక్కడ ఒక ఆడమనిషి జైల్లో ఉన్నది.”

ఆ మాట తగలాలనే అన్నాను. తగిలింది. ఆయన పుస్తకం నా వైపు నెట్టాడు. నా సర్వీసులో నేను గెలిచిన వాదనలు చాలా ఉన్నాయి, అది అందులో ఒకటి.

ఓదెలు పుస్తకంలో భార్య పేజీలు ఖాళీగా ఉన్నాయి. వాటిలో అతని పేజీలోని వెనకటి తేదీలే వేసి, నడుము నొప్పి, ట్రమడాల్ అని ఎనిమిది చోట్ల రాశాను. ఒకేరోజు రాసినట్టు కనబడకూడదని రెండు పెన్నులు వాడాను. డాక్టరు సంతకాలు పెట్టాడు. రిజిస్టరులో కూడా సందు చూసి ఇరికించాను. ఆ పేజీల నకలు, ధ్రువపత్రం ఓదెలు చేతికిచ్చాను. అతను హైదరాబాద్ పోయి ఒక ఏజెంటు ద్వారా అక్కడా, ఢిల్లీలోనూ ముద్రలు వేయించి, అరబ్బీ అనువాదం చేయించి పంపేసరికి పద్దెనిమిది రోజులైంది. ఇంతలో అతను ఎన్ని డ్యూటీలు ఎగ్గొట్టాడో. హాజరు మస్టర్లు పోతున్నాయి, చార్జిషీటు వస్తుందని హెచ్చరించాను.

“మస్టర్లు పోతె పోనీ మేడమ్. మనిషి రావాలె” అన్నాడు.

వాయిదా అయిన రోజు రమేష్ నేరుగా డిస్పెన్సరీకే ఫోన్ చేశాడు.

“మేడమ్, గా కాగితం మీరే రాసిన్రా?”

అవునన్నాను.

“మా అత్త మొదటిరోజే వాళ్లకు చెప్పింది. గోలీలు మా ఆయన పేరు మీదియి, నొప్పి నాది, నేనే మింగుత అని. తర్జుమా చేసేటాయన రాసుకున్నడు, ఆమె ఏలిముద్ర ఏసింది. మా మామ మొదటిరోజే పుస్తకం ఫ్యాక్స్ చేసిండు, దాంట్ల మామ పేరే ఉన్నది. రెండు ఒక్కతీరుగ ఉన్నయి. వకీలు ఆ రెండు పట్టుకొని నిలవడ్డడు. ఇయ్యాల మీ కాగితమొచ్చి ఆ రెండిటిని అబద్ధం చేసింది.”

అతను ఇంకా చాలా అన్నాడు. సాయం చేసిన్రా, సంపిన్రా అని అడిగాడు. నేను ఫోన్ పెట్టేయకుండా అంతా విన్నాను. వాదించకుండా వినడం నాకు అలవాటు లేని పని.

జరిగింది వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ తప్పు ఎవరైనా చేయగలరు. న్యాయమూర్తి ముందు మూడు కాగితాలున్నాయి. ఒకటి ఆమె వాంగ్మూలం, రెండు మొదటిరోజు ఫ్యాక్స్, మూడు నా ధ్రువపత్రం. నా దాంట్లో ముద్రలు ఎక్కువ, అందుకని అదే అసలు కాగితంగా చూశారు. మరి ఫ్యాక్స్‌లో అవే తేదీలకు అదే మందు భర్త పేరు మీద ఎందుకుంది? భర్త పేరు మీదిదని ఆమె ఎందుకు చెప్పింది? ఈ కుటుంబం దొంగ కాగితాలు తయారుచేస్తున్నది, కాబట్టి గోలీల సంగతిలో కూడా ఏదో దాస్తున్నది అనుకున్నారు. అక్కడిదాకా వచ్చాక కేసు వాయిదా పడింది. నా కాగితం లేకపోతే, ముసలామె తెలియక తెచ్చుకున్నదని కొద్ది వారాల్లో వెనక్కి పంపించేవాళ్లని వకీలు అన్నాడట. అది నిజమో, ఫీజు తీసుకున్న మనిషి మాటో నాకు తెలియదు. పోసక్క ముసలిది కూడా కాదు, నాకంటే మూడేళ్లు పెద్ద.

వాయిదా పడిన వారానికి సరిత ప్రసవించింది. మొగపిల్లవాడు. పక్క ఫ్లాటులో ఉన్న కేరళ ఆమె రెండు పూటలా గంజి తెచ్చి పెట్టిందట. పురుడు పోయడానికి పోయిన మనిషి అదే ఊళ్లో, బస్సెక్కితే గంట దూరంలో, లోపల ఉంది.

నేను రెండు రోజులు సెలవు పెట్టి మూడో రోజు డాక్టరు గదిలోకి వెళ్లాను. ఉన్నది ఉన్నట్టు రాస్తానన్నాను. ఆయన కుర్చీ చూపించాడు. “నేను మొదలే చెప్పిన కదా” అని ఆయన అనలేదు. అన్నా నేను పడేదాన్ని. మూడు పేజీలు రాశాను: మందు భర్త పేరు మీద రాసే అలవాటు, పొట్లం మీది సున్నా, నెలవంక ఎందుకో, మూడు నెలలకు రాయించినది నేనే అని, మొదటి ధ్రువపత్రం నా చేతిరాతతో తారుమారు చేసినదని, రెండు పెన్నుల సంగతితో సహా. డాక్టరు కింద సంతకం పెట్టాడు. ఆయన పెట్టకపోయినా ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. ఒక నకలు రమేష్‌కు, ఇంకొకటి నేనే తీసుకెళ్లి పర్సనల్ డిపార్టుమెంటులో ఇచ్చాను. అక్కడి గుమాస్తా చదివి, “మేడమ్, ఇది మీ మీద మీరే ఇచ్చుకుంటున్న కంప్లయింటు, తెలుసా?” అన్నాడు. తెలుసన్నాను.

చార్జిషీటు వచ్చింది. రికార్డు తారుమారు, నియమ విరుద్ధంగా మందు జారీ. విచారణ అధికారి ఏమైనా చెప్పుకుంటారా అని అడిగాడు. ఏమీ లేదన్నాను. నన్ను ఎరిగినవాడు కాబట్టి తలెత్తి చూశాడు. ఒక ఇంక్రిమెంటు కోసి, హెచ్చరిక రాసి వదిలారు. డాక్టరు అంతలో రిటైరయ్యాడు. అందరూ దండలు వేశారు, కాని ఆయన పెన్షన్ కాగితాలు నా విచారణ తేలేదాకా ఆపి ఉంచారు. ఆయన ఇంటికి ఒకసారి వెళ్లాను. భార్య టీ ఇచ్చింది, ఆయన వార్తాపత్రిక చదువుతూ వాతావరణం గురించి మాట్లాడాడు. మళ్లీ వెళ్లలేదు.

రెండో వాంగ్మూలం అక్కడి కోర్టు నమ్మడానికి ఇంకా కొన్ని వాయిదాలు పట్టాయి. అమ్మకానికి కాదని చివరికి ఒప్పుకున్నారు. అనుమతి లేకుండా తేవడం మాత్రం నేరమే, అందుకు శిక్ష, అప్పటిదాకా లోపల గడిపిన కాలమే ఆ శిక్ష. నాలుగు నెలల పై చిల్లర. తరువాత దేశం నుంచి పంపివేత, మళ్లీ ఆ దేశంలో అడుగు పెట్టకుండా నిషేధం.

సెప్టెంబరులో ఒక రోజు, ఆడవాళ్లను చూసే రోజున, లైనులో పోసక్క కనిపించింది. ఓదెలు లేడు. తనంతట తను నిలబడి ఉంది. లైను ముందుకు రావడానికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో నేను ఎన్ని పొట్లాలు తప్పు కట్టానో, నర్సు ఎన్నిసార్లు వెనక్కి పంపిందో నాకు గుర్తులేదు.

“ఎట్లున్నవ్ పోసక్కా?” అన్నాను.

“ఉన్న. నడుమైతె గట్లనే ఉన్నది.”

“మనుమడిని చూసినవా?”

“సూడలె. సరిత జైలుకు పట్టుకస్తనన్నది, నేనే అద్దన్న. పసిపోరన్ని ఆడికి తెత్తరా. ఇమానం ఎక్కిచ్చేటప్పుడు అద్దం అవుతల అల్లుడు ఎత్తి సూపెట్టిండు. అద్దం మీద ఎండ వడి సరిగ అవుపడలె.”

నేను తప్పు చేశానని మొదలుపెట్టాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

“తెల్సు. అంత జెప్పిండు రమేషు. నిన్ను మంచిగ తిట్టాలనే అచ్చిన మేడమ్. గీ లైన్ల నిలవడి నిలవడి తిట్లన్ని మర్సిపోయిన.” వెనక ఉన్న ఆడవాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు. కొంగు ముడి విప్పి ఒక ప్లాస్టిక్ కవరు తీసి కిటికీ పలక మీద పెట్టింది. ఖాళీ కవరు. దాని మీద అంటించిన చీటీలో అరబ్బీలో ఏదో, కింద ఇంగ్లీషులో ఆమె పేరు, మందు పేరు, ఎన్నిసార్లు వేసుకోవాలో.

“ఆడ జైలు దవాఖానల ఇచ్చిన్రు. ఎప్పుడిచ్చినా నా పేరు అంటిచ్చే ఇచ్చిన్రు. పుట్టి నలభై ఏండ్లు దాటినంక నా పేరు మీద గోలీలు గవ్వే మొదలు” అంది. ఆస్పత్రి పుస్తకం తెరిచి తన పేజీ నా వైపు తిప్పింది. అవి నేను రాసి, తరువాత విచారణలో అడ్డంగా కొట్టేసిన పేజీలు. వాటి వెనక, ఆ రోజు తేదీతో కొత్త డాక్టరు రాత. “ఇగ నువ్వు గూడ గట్లనే ఇయ్యి.”

పొట్లం మీద ఆమె పేరు, మందు పేరు రాసి ఇచ్చాను. ఈసారి ట్రమడాల్ కాదు. తీసుకుని వెళ్లిపోయింది. ఆ తరువాత ఏడేళ్లు ఆ కిటికీలో ఉన్నాను, ఆమె ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు, నాతో నవ్వుతూ మాట్లాడనూ లేదు. సరిత రెండేళ్లకొకసారి వచ్చి పోతుందని విన్నాను.

ఆ సెప్టెంబరు నుంచి భార్య మందు భర్తకు ఇవ్వడం మానేశాను. ఆడవాళ్ల లైను ఇంకా పెరిగింది. మొగవాళ్లు తిట్టారు, ఆడవాళ్లు అంతకంటే ఎక్కువ తిట్టారు, యూనియన్ నాయకుడు వచ్చి బల్ల గుద్దాడు. ఆడవాళ్లను చూసే రోజులు వారానికి నాలుగు చేయమని నేను వెళ్లి ఆయన బల్ల గుద్దాను. ఏడాది గడిచేసరికి వారానికి మూడు అయ్యాయి.

ఇక ఫోన్ చేసి అడిగేవాళ్లకు చెప్పేది. పోయే దేశంలో మీ మందు అనుమతి ఉన్నదో లేదో ఆ దేశపు రాయబార కార్యాలయాన్ని అడగండి. పక్కింటివాళ్లనూ, ఫార్మసిస్టునూ అడిగి ఊరుకోవద్దు. అనుమతి ముందుగా తీసుకోవలసినదైతే తీసుకోండి, రాకపోతే ఆ మందు ఇంట్లో పెట్టి పోండి. మందును కంపెనీ అచ్చుతో ఉన్న స్ట్రిప్పుల్లోనే, పెట్టెలోనే ఉంచండి. మింగేది ఎవరో చీటీ వాళ్ల పేరు మీదే ఉండాలి, పాస్‌పోర్టులో పేరు ఎట్లా ఉన్నదో అట్లాగే. భర్త చీటీ మీద భార్య, కొడుకు చీటీ మీద తండ్రి మందు తీసుకుపోవద్దు. అవసరానికి మించి తీసుకుపోవద్దు. పట్టుబడ్డ మనిషికి ఇక్కడినుంచి ఏ కాగితం పంపినా, పంపేముందు ఆ మనిషి అక్కడ ఏం చెప్పిందో కనుక్కోండి.

ఈ సంఘటనలో నేను నేర్చుకున్నది ఇంతే. పరాయి దేశపు అధికారి ముందు మనిషి నోటి మాట, చేతి కాగితం ఒకటే చెప్పాలి. రెండూ వేరైతే అక్కడ లోపల కూర్చునేది కాగితం రాసిన మనిషి కాదు.